ముల్లు కిందికి దిగింది!

హైవే మీద వెళ్తున్నప్పుడు ఆగిపోయిన లారీని మీరూ చూసే ఉంటారు. వెనక రెండు వేపకొమ్మలు, నాలుగు బండరాళ్లు. ఇంజను కింద గోనెపట్టా పరుచుకుని ఎవరో పడుకుని ఉంటారు... కాళ్లు మాత్రమే కనిపిస్తుంటాయి. ‘పాపం, బండి చెడిపోయినట్టుంది’ అనుకుంటాం. మన కారు దాటిపోతుంది. మరో నిమిషానికి మర్చిపోతాం.

నేనూ అంతే. అలాంటి లారీలో ముందు సీట్లో కూర్చున్న రాత్రి వచ్చేదాకా!

2023 నవంబరు. లారీ డ్రైవర్ల బతుకుల మీద కథనం రాయాలంటే ఆఫీసులో కూర్చుని ఫోన్లు చేస్తే సరిపోదనిపించింది. తెలిసిన ట్రాన్స్‌పోర్టు ఆయన్ని బతిమాలి ఓ ట్రైలరు ఎక్కాను. హైదరాబాద్ శివార్లలో ఇనుప కడ్డీలు ఎత్తుకుని బెంగళూరు వెళ్తోందది. ట్రైలరంటే తెలుసుగా... ముందు ఇంజనూ క్యాబినూ ఉన్న బండి, దాని వీపు మీద ముక్కు ఆనించి వెనకే వచ్చే పొడవాటి బల్ల. ముందున్న బండిని ఉత్తరాది డ్రైవర్లు ‘ఘోడా’ అంటారు. గుర్రమే. ఆ రాత్రి మా గుర్రం లాగుతున్న బరువు, అన్నీ కలిపి, నలభై టన్నుల పైమాట.

డ్రైవరుకి యాభై దాటి ఉంటాయి. అనంతపురం వైపు మనిషి. క్లీనరు పంతొమ్మిదేళ్ల కుర్రాడు. (ఈమధ్య చాలా లారీల్లో క్లీనర్లే ఉండటం లేదు. జీతం మిగులుతుందని ఒక్క డ్రైవర్నే పంపేస్తున్నారు. ఆ రాత్రి ఆ కుర్రాడు లేకపోతే ఏమయ్యేదో తర్వాత చెబుతాను.)

పుల్లూరు టోల్‌గేటు దాటి, తుంగభద్ర మీదుగా కర్నూలు బైపాస్ చేరేసరికి రాత్రి పదకొండు. అప్పటికే క్లీనరు రెండుసార్లు దిగి ఇంజనులో నీళ్లు పోశాడు. డోన్‌కి ముందు దాబా దగ్గర ఆగినప్పుడు మూడోసారి. తడిపిన గోనెసంచి మూత మీద వేసి, మొహం పక్కకి తిప్పుకుని మెల్లగా తిప్పడం, ఆవిరి బుస్సుమన్నాక బక్కెట్టు ఎత్తడం... చెయ్యి తిరిగిన పనిలా ఉంది.

‘‘ఇన్ని నీళ్లు ఎందుకు తాగుతోందన్నా?’’ అనడిగా డ్రైవర్ని.

‘‘పాతబడింది కద సార్. కొంచెం తాగుతాండాది’’ అన్నాడు రొట్టె తుంచుకుంటూ. బండి కొని ఐదేళ్లే. కానీ మీటరు మీద ఆరు లక్షల కిలోమీటర్లు!

డోన్ దాటాక రోడ్డు ప్యాపిలి వైపు ఎత్తెక్కుతుంది. తిరుమల ఘాటులాంటిది కాదు. కారులో వెళ్లేవాళ్లకి అసలు ఎత్తన్న సంగతే తెలియదు. నలభై టన్నుల బండికి మాత్రం తెలుస్తుంది. గేరు మీద గేరు తగ్గుతూ వచ్చింది. ఎడమ లైనులో సైకిలు కంటే కాస్త నయంగా పాకుతున్నాం. డ్యాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు జరుగుతోంది. డ్రైవరు దాన్నే చూస్తున్నాడు. నేను ఆయన్ని చూస్తున్నా.

‘‘ఆపుదామా అన్నా?’’ అన్నాడు క్లీనరు.

‘‘ఎత్తులో ఆపితే మళ్లా ఎత్తుకోదురా. పైకెక్కినాంక చూద్దాం.’’

ఇంకో కిలోమీటరు పోయామో లేదో... ముల్లు కిందికి దిగింది! ఎర్రగీత దగ్గర్నుంచి సగానికి, సగం నుంచి ఇంకా కిందికి. ముగ్గురం ఒక్కసారే ఊపిరి వదిలాం. డ్రైవరు నావైపు తిరిగి నవ్వాడు కూడా. ‘‘గాలి తగిలింది సార్. చల్లబడింది.’’

రెండు నిమిషాలు. అంతే. బండి ఊపు ఉన్నట్టుండి చచ్చిపోయింది. యాక్సిలరేటరు తొక్కుతున్నా పలకలేదు. ఇంజనులోంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు... అద్దంలో చూస్తే వెనకంతా తెల్లటి పొగ. ‘టక్’మని ఓ కుదుపు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

అంతసేపూ ఆ మోత మధ్య అరిచి అరిచి మాట్లాడుకున్నవాళ్లకి ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో చెప్పలేను.

ఎత్తులో ఆగిన బండి

ఇంజను ఆగితే బండి ఆగుతుంది, మెకానిక్ వస్తాడు, బాగు చేస్తాడు... మనకి తెలిసింది ఇంతే. లారీలో ఇంజనుతోపాటు ఇంకా చాలా ఆగిపోతాయి.

మొదటిది స్టీరింగు. అంత పెద్ద చక్రాన్ని డ్రైవరు ఒంటిచేత్తో తిప్పుతున్నాడంటే అది ఇంజను నడిపే పంపు చలవ. ఇంజను ఆగిందా, రెండు చేతులతో వేలాడినా తిరగదు. రెండోది బ్రేకు. లారీ బ్రేకులు పనిచేసేది గాలితో. ఆ గాలిని నింపే కంప్రెసరు తిరిగేదీ ఇంజనుతోనే. ట్యాంకుల్లో మిగిలిన గాలితో కొన్నిసార్లు బ్రేకు తొక్కొచ్చు. తొక్కిన ప్రతిసారీ గాలి తరిగిపోతుంది. బాగా తగ్గాక వెనక చక్రాల దగ్గరుండే బలమైన స్ప్రింగులు వాటంతటవే చక్రాల్ని పట్టేస్తాయి. బండి జారిపోకుండా అదొక రక్ష. కానీ ఒకసారి పట్టేశాయంటే బండిని అంగుళం కూడా పక్కకి జరపలేం.

దిగుడులో అయితే బండి తన బరువుతోనే కాస్త దొర్లుతుంది కాబట్టి పక్కకి తీసుకోవచ్చు. మేం ఉన్నది ఎత్తులో! స్టీరింగు మీద పడిపోయి లాగితే ముందు చక్రాలు రోడ్డు అంచు దాకా వెళ్లాయి. వెనక బల్ల మాత్రం సగానికి పైగా ఎడమ లైనులోనే ఉండిపోయింది. డ్రైవరు హ్యాండ్‌బ్రేకు వేసేలోపే క్లీనరు దూకి వెనక చక్రం కింద చెక్క దిమ్మ తోసేశాడు. డ్రైవరు ఒక్కడే అయితే ఆ పని ఎవరు చేయాలి?

అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. చంద్రుడు లేడు. బల్ల వెనకున్న ఎర్ర రిఫ్లెక్టరు పట్టీల మీద దుమ్ము పేరుకుని ఉంది. వేలితో రాస్తే తప్ప రంగు తెలియడం లేదు. హజార్డు లైట్లు వెలుగుతున్నాయి కానీ బ్యాటరీ ఎన్నాళ్లదో... మినుకు మినుకుమంటున్నాయి.

సీటు కింద వార్నింగు త్రికోణం ఉంది. ఒక కాలు విరిగింది. కుర్రాడు దాన్ని బండికి పదడుగుల వెనక ఓ రాయికి ఆనించి పెట్టాడు. డ్రైవరు చూసి బూతు తిట్టాడు. ఆ రాత్రంతటిలో ఆయన గొంతు పెంచింది అదొక్కసారే. త్రికోణాన్ని తీసుకుని వెనక్కి పరుగు... నూటయాభై అడుగులు వేసుంటాడు. అక్కడ పెట్టి, ఇంకా వెనక్కి వెళ్లి, సెల్‌ఫోను లైటు ఊపుతూ నిలబడ్డాడు. మేమిద్దరం కంపచెట్ల కొమ్మలు విరిచి, రాళ్లు దొర్లించి వరసగా పేర్చాం.

ఇంటికొచ్చాక ఓ లెక్క వేసుకున్నా. గంటకి 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 22 మీటర్లు. ఏదో అడ్డంగా ఉందని కంటికి కనబడి, అది ఆగి ఉన్న బండి అని మెదడుకి ఎక్కి, కాలు బ్రేకు మీదకి వెళ్లడానికి సెకనున్నర. అప్పటికే 33 మీటర్లు అయిపోయింది. ఆ తర్వాత గట్టిగా తొక్కితే ఆగడానికి మంచి రోడ్డు మీద కారుకి ఇంకో 40 మీటర్లు. మొత్తం 70 దాటింది. వంద కిలోమీటర్ల వేగమైతే నూరు మీటర్లు దాటుతుంది. బస్సుకైతే ఇంకా ఎక్కువే. డిమ్‌లో పెట్టిన హెడ్‌లైటు స్పష్టంగా చూపించే దూరం యాభై అరవై మీటర్లకి మించదు. పదడుగుల దూరంలో పెట్టిన త్రికోణం ఎవరి కోసం?

డ్రైవరుకి ఈ లెక్కలేం తెలియవు. ‘‘బండి కింద దూరినోళ్లని చూసినా సార్’’ అని మాత్రం అన్నాడు. ఎక్కడ, ఎప్పుడని నేను అడగలేదు.

రెండింటికి కాస్త ముందు ఓ ప్రైవేటు బస్సు వచ్చింది. వేగం ఎంతో తెలియదు. డ్రైవరు ఊపుతున్న లైటు చూశాడో, కొమ్మలు చూశాడో... చివరి క్షణంలో కుడికి కోసేశాడు. పొడవాటి హారను, గాలి తోపు, చక్రం కింద పడి పగిలిన కొమ్మల చప్పుడు. బస్సు కిటికీలన్నీ చీకటి. లోపల అందరూ నిద్రపోతున్నారు. నలభై మంది ఉంటారేమో. తెల్లారి బెంగళూరులో దిగి ఉంటారు. వాళ్లకెవరికీ ఈ సంగతి తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు... టోల్‌గేటు దగ్గర బోర్డు మీద చూసిన నంబరు. 1033. జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైను. చేశాను. ముప్పావుగంటలో పెట్రోలింగు బండి వచ్చింది. నారింజరంగు కోన్లు, తిరిగే లైటు పెట్టారు. ముప్ఫయ్యేళ్లుగా స్టీరింగు పట్టిన మా డ్రైవరు ఆ నంబరుకి ఎప్పుడూ ఫోను చేయలేదట. ‘‘మేం జేస్తే వస్తారా సార్?’’ అన్నాడు. వస్తారు. మీ ఫోన్లోనూ ఓసారి రాసిపెట్టుకోండి.

కేంద్ర రవాణాశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఆ ప్రమాదాల్లో ఐదోవంతుకు పైగా ‘వెనక నుంచి ఢీకొన్నవి’. అన్నీ ఆగి ఉన్న లారీలవే కావు, నిజమే. కానీ ‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు’ అన్న హెడ్డింగు మేం మా డెస్కులో ఎన్నిసార్లు పెట్టామో! ఆ లారీ ఎందుకు ఆగి ఉందని ఏ ఒక్కసారీ రాయలేదు.

గుత్తి షెడ్డులో...

తెల్లవారాక గుత్తి నుంచి క్రేను వచ్చింది. కడ్డీల బల్లని లాక్కెళ్లడానికి ఇంకో గుర్రాన్ని మాట్లాడారు. మా గుర్రాన్ని క్రేనుకి తగిలించాలి. కొక్కెం వేసి లాగేయడమే అనుకున్నా. కాదు. ముందు కిందికి దూరి ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పారు. ఇంజను ఆగి ఉన్నప్పుడు చక్రాలు తిరిగితే గేరుబాక్సులో పళ్లు తిరుగుతాయి కానీ వాటికి ఆయిలు సరిగా అందదట. అలాగే లాక్కెళితే షెడ్డు చేరేసరికి గేరుబాక్సు కూడా పోతుంది. తర్వాత క్రేను నుంచి గాలిపైపు కలిపి ట్యాంకుల్లో గాలి నింపితేగానీ పట్టేసిన బ్రేకులు వదల్లేదు. ఇదంతా అయ్యేసరికి తొమ్మిదయింది.

గుత్తి బైపాస్ పక్కన షెడ్డు. మేస్త్రీ వయసులో మా డ్రైవరు కంటే చిన్నే. ఆయిలు కొలిచే కడ్డీ బయటికి లాగి మా ముందు పెట్టాడు. నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలెక్కువైన టీ రంగులో ఉంది.

‘‘నీళ్లు కలిసినాయి’’ అన్నాడు. ఇంకేం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేనట్టుంది, నాకు తప్ప.

మధ్యాహ్నానికి హెడ్డు విప్పారు. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే గాస్కెట్టు రెండుచోట్ల కాలిపోయి ఉంది. ఒక పిస్టను లైనర్‌కి పట్టేసింది. ‘ఇంజను పట్టేసింది’ అంటారే, అదే ఇది. అంత ఇనుము అంత బిగుసుకుపోతుందని కళ్లతో చూస్తే తప్ప నమ్మలేం. మేస్త్రీ అవేమీ పట్టించుకోకుండా రేడియేటరు వెనక చెయ్యి పెట్టి తడుముతున్నాడు. ఓ రబ్బరు గొట్టం ఊడదీసి తెచ్చాడు. క్లిప్పు బిగించే చోట, కింది వైపు, వేలి గోరంత బీట. ‘‘ఇదీ మీ బండి’’ అంటూ డ్రైవరు చేతిలో పెట్టాడు.

నాకున్న అనుమానం ఒక్కటే. ముల్లు కిందికి ఎందుకు దిగింది? చల్లబడితేనే కదా దిగేది!

మేస్త్రీ నవ్వాడు. ఆయన చెప్పిందీ, తర్వాత నేను తెలిసినవాళ్లని అడిగి సరిచూసుకున్నదీ కలిపి చెబుతాను. మనం పోసే డీజిల్‌లోని శక్తిలో ఇంచుమించు నలభై శాతమే ఇంజను పనిగా మారుతుంది. మిగతాదంతా వేడి. కొంత సైలెన్సర్‌లోంచి పోతుంది. పెద్ద వాటానే నీళ్లు మోసుకెళ్లి రేడియేటరులో గాలికి వదలాలి. ఎత్తులో బరువు లాగేటప్పుడు వేడి పుట్టడం ఎక్కువ, బండి వేగం తక్కువ కాబట్టి ఎదురుగాలి తక్కువ. బరువు లాగే బండ్ల ఇంజన్లు ఎక్కువగా ఎత్తులోనే పోవడానికి కారణం ఇది. చదును రోడ్డు మీద ఖాళీగా తిరిగినన్నాళ్లూ ఆ బీట బయటపడదు.

పైగా ఆ నీళ్లు ఒత్తిడిలో ఉండాలి. రేడియేటరు మూతలో స్ప్రింగు ఉండేది అందుకే. మన ప్రెషర్ కుక్కర్ సంగతే... ఒత్తిడి ఉంటే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. గొట్టానికి బీట పడితే కుక్కర్ వాషరు పోయినట్టు. నీళ్లు త్వరగా మరిగి ఆవిరైపోతాయి. కూలెంటు పోయాల్సిన చోట దాబా బోరునీళ్లు పోస్తుంటే ఇంకా త్వరగా.

ఇక ముల్లు. అది చూపించేది ఇనుము వేడిని కాదు, నీళ్ల వేడిని. నీళ్లలో మునిగి ఉండే చిన్న సెన్సరు ఆ కబురు పంపిస్తుంది. నీళ్లు దాని కిందికి దిగిపోయాయనుకోండి... సెన్సరు ఖాళీలో వేలాడుతుంటుంది. చుట్టూ ఉన్న ఆవిరి, గాలి నీళ్లంత గట్టిగా వేడిని అందించలేవు. ముల్లు పడిపోతుంది! ఇంజను చల్లబడిందని మేం ఊపిరి పీల్చుకున్న నిమిషం, లోపల చివరి నీళ్లు అయిపోయిన నిమిషమూ ఒకటే.

‘‘ఎక్కిన ముల్లు కాదు సార్... ఎత్తులో ఊరికే దిగిన ముల్లుకి భయపడాల’’ అన్నాడు మేస్త్రీ.

‘‘మరి నీళ్లు తగ్గితే బజరు మోగాలి కదా?’’ అన్నా. ఈమధ్య బండ్లలో అది ఉంటుందని ఎక్కడో చదివాను. మేస్త్రీ సమాధానం చెప్పకుండా కూలెంటు డబ్బా దగ్గరికి తీసుకెళ్లాడు. డబ్బా అడుగున సెన్సరు ఉంది. దానికి రావాల్సిన వైరు ఊడదీసి, టేపు చుట్టి, పక్కకి మడిచి ఉంది.

క్లీనరు తల దించుకున్నాడు. ‘‘పది దినాల నుంచి ఒకటే మోగతాండె అన్నా... నిద్ర పట్టక...’’

డ్రైవరు ఏమీ అనలేదు. వాణ్ని తిట్టలేదు కూడా. ఆ వైరు సంగతి ఆయనకీ తెలుసని అప్పుడర్థమైంది నాకు.

చెప్పకుండా పోయేవీ ఉన్నాయి

అన్ని ఇంజన్లూ ఇలా పది రోజుల ముందు నుంచి మొత్తుకుంటాయని చెబితే అబద్ధమవుతుంది. నిజంగానే చెప్పాపెట్టకుండా ఆగిపోయేవీ ఉన్నాయి. అమెరికాలో దీని మీద కోర్టు కేసులే నడిచాయి.

అక్కడ పికప్ ట్రక్కులంటే మోజు. వెనక పడవనో, గుర్రాల బండినో, చక్రాల మీది ఇల్లులాంటి క్యాంపరునో తగిలించుకుని వందల మైళ్లు వెళ్తారు. బరువు లాగడానికి డీజిల్ ఇంజను కొంటారు. బాష్ కంపెనీ సీపీ4 అనే అధిక ఒత్తిడి డీజిల్ పంపు ఆ ట్రక్కుల్లో చాలావాటిలో ఉండేది. ఈ పంపుకి విడిగా ఇంజనాయిలు ఉండదు, లోపలి భాగాలకి తను తోసే డీజిలే జిడ్డు. డీజిల్‌లో ఆ జారుడుతనం తగ్గినా, నీళ్లు కలిసినా లోపలి ఇనుము ఒరుసుకుంటుంది. ఒరుసుకున్న రజను పైపుల్లోకి, అక్కణ్నుంచి నాజిల్స్‌లోకి వెళ్లిపోతుంది. పంపు ఒక్కటి మారిస్తే చాలదు. డీజిల్ నడిచే దారి మొత్తం మార్చాలి, వేల డాలర్ల పని. హైవే మీద, వెనక బరువుతో, డెబ్బై మైళ్ల వేగంలో ఇంజను ఆరిపోవడమంటే ఏమిటో మీరే ఊహించుకోండి.

అమెరికా డీజిల్‌కి జారుడుతనం తక్కువ, ఈ పంపు దానికి పనికిరాదన్నది యజమానుల వాదన. జారుడుతనం కొలిచే పరీక్షలో ఇనుము మీద పడే గీత యూరప్ ప్రమాణం ప్రకారం 460 మైక్రాన్లు దాటకూడదు, అమెరికాలో 520 దాకా ఒప్పుకుంటారు. 2011 నుంచి 2016 దాకా వచ్చిన జనరల్ మోటార్స్ డీజిల్ ట్రక్కుల కేసు చివరికి 5 కోట్ల డాలర్ల రాజీతో 2024లో తేలింది. రామ్ ట్రక్కుల కంపెనీ 2021లో 2019, 2020 మోడళ్లు రెండు లక్షల ఇరవై వేలకు పైగా వెనక్కి పిలిచి పంపు మార్చింది. మన దగ్గర 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్-6 డీజిల్‌కి 460 ప్రమాణమే ఉంది. మనకొచ్చే తంటా నీళ్లతోనే. ఫిల్టరు కింద నీళ్లు వదిలే చిన్న కొళాయి ఉంటుంది. మా డ్రైవరుని అడిగితే ఆఖరిసారి ఎప్పుడు తిప్పాడో గుర్తులేదన్నాడు.

అమెరికా కేసుల్లో మోసపోయినవాడు కొన్నవాడు. కంపెనీ మీద కోర్టుకి వెళ్లాడు. మా ప్యాపిలి ఎత్తులో ఎవరు ఎవరి మీద వెళ్లాలి?

సాయంత్రం షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని ఉండగా యజమాని ఫోను చేశాడు. డ్రైవరు స్పీకర్లో పెట్టాడు. నేను వింటున్నానని ఆయనకి తెలియదు. పెద్ద ట్రాన్స్‌పోర్టేమీ కాదు. ఉన్నవి రెండు బండ్లు, రెండూ ఫైనాన్సులోనే. పది రోజుల కిందట డ్రైవరు చెప్పాడట, నీళ్లు పోతున్నాయి, ఒకరోజు షెడ్డులో పెడదామని. ‘ఈ ట్రిప్పు దింపి రా, చూద్దాం’ అన్నాడట. ఆ ట్రిప్పు దింపేసరికి ఇంకో లోడు దొరికింది. నెలాఖరు కంతు ఉంది. తర్వాత ఇంకో లోడు. డ్రైవరుకీ ట్రిప్పు తిరిగితేనే డబ్బు, షెడ్డులో కూర్చుంటే బత్తా లేదు. అందుకే రెండోసారి గట్టిగా చెప్పలేదు.

‘‘ఎంతవుతాదంట?’’ అన్నాడు యజమాని.

మేస్త్రీ ఫోను తీసుకుని లెక్క చెప్పాడు. హెడ్డు చదును చేయించాలి, లైనర్లు, పిస్టన్లు, బేరింగులు, గాస్కెట్లు, కూలి... లక్షా ఎనభై వేలు, ఇంకా విప్పితే పెరగొచ్చు. పన్నెండు రోజులు. అవతల చాలాసేపు మాట లేదు. ఫోను కట్ అయిందేమో అనుకున్నాం.

‘‘ఆ పైపు ఎంత?’’ అని వినిపించింది తర్వాత.

‘‘ఆరొందలు’’ అన్నాడు మేస్త్రీ.

ఆయన్ని తిట్టుకోవాలనిపించింది కానీ తిట్టుకోలేకపోయా. మా ఇంట్లో స్కూటరు బ్రేకు కీచుమంటోందని ఎన్నాళ్లుగా వింటున్నానో నాకు తెలుసు.

చీకటి పడ్డాక నేను హైదరాబాద్ బస్సు ఎక్కడానికి లేచాను. డ్రైవరు కనిపించలేదు. మేస్త్రీ మోటారుసైకిలు కూడా లేదు. ఎక్కడికెళ్లాడని అడిగితే క్లీనరు రోడ్డు వైపు చూపించాడు.

‘‘ప్యాపిలి కాడికి పోయినాడు సార్. పొద్దున క్రేను తొందరలో రాళ్లు ఆడనే ఇడిసిపెట్టి వస్తిమి కదా... తీసేసి వస్తా అని.’’